మేడ మీద టమాటాలకి నీళ్లు: ఒక బకెట్, సన్న పైపు, పది డ్రిప్పర్లు చాలు

మీరడిగింది ఇదీ. వైజాగ్ మధురవాడలో అపార్ట్‌మెంట్ మేడ మీద 20 లీటర్ల బకెట్లలో పది టమాటా మొక్కలున్నాయి. ఇద్దరూ పొద్దున్నే ఆఫీసుకి పరుగెత్తాలి, ఒకరోజు పోస్తే ఒకరోజు మర్చిపోతారు. కాయలు కొన్ని అడుగున నల్లబడి కుళ్లుతున్నాయి, కొన్ని పగిలిపోతున్నాయి. సంక్రాంతికి ఊరెళ్తే ఐదు రోజులు చూసేవాళ్లు లేరు. కరెంటు లేకుండా, ఎక్కువ ఖర్చు పెట్టకుండా ఇంట్లోనే ఏదైనా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, ఒక ఆదివారం సగం పూట పని. చాలా ఏళ్లుగా మేడ మీద కూరగాయలు పెంచుతున్నాను, సీతమ్మధార నుంచి గాజువాక దాకా తెలిసినవాళ్ల మేడల మీద ఇలాంటివి బిగించి పెట్టాను కూడా. సామాను గురించి చెప్పేముందు ఒక్క విషయం చెప్తాను, ఎందుకంటే అది తెలియకుండా చుక్కలుగా నీళ్లు వదిలే ఎంత మంచి డ్రిప్ పెట్టినా మీ కాయలు అలాగే కుళ్తాయి.

టమాటాకి కావలసింది ఎక్కువ నీళ్లు కాదండీ, రోజూ ఒకే లెక్కలో నీళ్లు. కాయ అడుగున నల్ల మచ్చ పడి, తోలులా గట్టిపడి, లోపలికి నొక్కుకుపోతుంది చూడండి, దాన్ని తెగులనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది. అది పురుగూ కాదు, బూజూ కాదు. పెరిగే కాయ కొసకి కాల్షియం అందకపోవడం. కాల్షియం మట్టిలో దండిగా ఉన్నా సరే, అది వేరు నుంచి కాయ దాకా నీళ్లతో పాటే ఎక్కాలి. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు బకెట్ నిండా గుమ్మరిస్తే ఆ మధ్యలో పిందె మీదున్న కాయలకి కాల్షియం కరువవుతుంది, ఆ దెబ్బ పది రోజుల తర్వాత నల్ల మచ్చగా బయటపడుతుంది. అప్పుడు మీరు కోడిగుడ్డు పెంకులు నలిపి వేస్తారు. అవి కరిగేసరికి కాపు అయిపోతుంది. పగుళ్లదీ ఇదే కథ, ఎండిపోయి ఉన్న మొక్కకి ఒక్కసారిగా నీళ్లందితే లోపలి గుజ్జు ఉబ్బినంత వేగంగా పైతొక్క సాగలేదు, చీలుతుంది. ముగ్గబోయే కాయలైతే మరీను. కాబట్టి మనం కట్టబోయేదాని పని ఒక్కటే, ప్రతి మొక్కకీ రోజూ అంతే నీళ్లు, నెమ్మదిగా.

ఎంత నీళ్లు? 20 లీటర్ల బకెట్‌లో కాపు మీదున్న మొక్కకి మన వైజాగ్ చలికాలంలో రోజుకి లీటరు నుంచి లీటరున్నర సరిపోతుంది. మార్చి దాటితే రెండు లీటర్లు, ఏప్రిల్, మే ఎండలకి మూడు దాకా తాగుతుంది. నారు నాటిన కొత్తలో పావు లీటరు చాలు. ఇవి మొదలుపెట్టడానికి లెక్కలే, మీ మట్టిని బట్టి మారతాయి. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపితే తేమ నిలుస్తుంది, ఒట్టి ఎర్రమట్టి అయితే పైన గట్టిపడి నీళ్లు అంచుల వెంట జారి కింద కన్నంలోంచి పోతాయి, మొక్కకేమీ దక్కదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడండి, తడి తగిలితే ఆ రోజుకి చాలు.

ఇప్పుడు అసలు కిటుకు. అందరూ టైమర్ దగ్గర ఆగిపోతారు, ఎంతసేపు తిప్పాలి, ఎవరు కట్టాలి అని. మీరు ఇంట్లో ఉన్న రోజుల్లో టైమర్ అక్కర్లేదు. ఎత్తు మీద ఒక బకెట్ పెట్టండి. పది మొక్కలు, తలకి లీటరున్నర, మొత్తం 15 లీటర్లు. పొద్దున్నే అందులో 15 లీటర్లు పోసి వాల్వ్ తిప్పేసి ఆఫీసుకి వెళ్లిపోండి. బకెట్ ఖాళీ అవగానే నీళ్లు వాటంతటవే ఆగిపోతాయి. కట్టేయడం మర్చిపోయినా నష్టం లేదు, ఎక్కువ పోవడానికి అందులో నీళ్లే ఉండవు. బకెట్ లోపలి గోడ మీద మార్కర్‌తో 10, 15, 20 లీటర్ల గీతలు గీసుకుంటే ఎండాకాలంలో గీత మారిస్తే చాలు, 20 కూడా చాలని రోజుల్లో ఇంకోసారి నింపండి.

చాలామంది మేడ మీదున్న ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచే పైపు లాగుదామంటారు. సొంత ఇల్లయితే మీ ఇష్టం. అపార్ట్‌మెంట్‌లో మాత్రం వద్దంటాను, ఒక్క జాయింట్ ఊడినా, ఒక్కపూట వాల్వ్ మర్చిపోయినా అందరి నీళ్లూ మీ టమాటాల పాలవుతాయి, ఆ తర్వాత అసోసియేషన్ మీటింగ్‌లో ఆ టెన్షన్ ఎందుకు చెప్పండి. కుళాయి నీళ్లు టైము ప్రకారం వచ్చే ఊళ్లో అది చిన్న మాట కాదు.

సామాను సంగతి. మూత ఉన్న 20 లీటర్ల పెయింట్ బకెట్ ఒకటి, శుభ్రంగా కడిగింది. 16 ఎంఎం లేటరల్ పైపు, అంటే కుండీల వెంట పరిచే పెద్ద పైపు, మీ కుండీల వరస ఎంత పొడవుంటే అంత, ఇంకో రెండు మీటర్లు అదనంగా. 4 ఎంఎం సన్న పైపు ఒక ఆరు మీటర్లు. 16 ఎంఎం గ్రోమెట్ (బకెట్ కన్నంలో కూర్చునే రబ్బరు రింగు), టేకాఫ్ (అందులో దిగి పైపుని కలిపే ముక్క) ఒక జత, షాపులో జీటీఓ అంటే ఇచ్చేస్తారు. 16 ఎంఎం వాల్వ్ ఒకటి, చివర మూయడానికి ఎండ్ క్యాప్ ఒకటి, మలుపులుంటే ఎల్బోలు. సన్న పైపుని లేటరల్‌కి కలిపే చిన్న కనెక్టర్లు ఒక పదిహేను, గంటకి 8 లీటర్ల మామూలు డ్రిప్పర్లు పన్నెండు. పైపుకి కన్నాలు పెట్టే పంచ్ ఒకటి. పూర్ణా మార్కెట్ వైపు ప్లాస్టిక్, హార్డ్‌వేర్ షాపుల్లో కొన్ని దొరుకుతాయి, అన్నీ ఒకేచోట కావాలంటే రైతులకి డ్రిప్ సామాను అమ్మే షాపుకి వెళ్లడం మేలు. అక్కడ పైపు మీటర్ల లెక్కన కోసిస్తారు, ఆన్‌లైన్‌లో కిట్ కొంటే సగం ముక్కలు మీకు పనికిరానివే ఉంటాయి.

డ్రిప్పర్ల దగ్గర జాగ్రత్త. షాపువాడు మంచిదని ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం అంటగడతాడు. పొలంలో మోటారు పెట్టి నడిపేవాళ్లకి అవి మంచివే, లోపల చిన్న రబ్బరు పొర ఉండి ఒత్తిడి ఎక్కువైనా తక్కువైనా ఒకే లెక్కలో వదులుతాయి. కానీ అవి సరిగ్గా పనిచేయాలంటే కనీసం అర బార్ పైచిలుకు ఒత్తిడి కావాలి. మనకి ఉండేదెంత? నీళ్లు పది మీటర్ల ఎత్తులో ఉంటే ఒక బార్. మన బకెట్ డ్రిప్పర్ కంటే 60 సెంటీమీటర్లు పైన ఉంటే వచ్చేది 0.06 బార్. ఆ రబ్బరు పొరకి అది చాలదు. అందుకే మామూలు రకం తీసుకోండి. వాటి మీద రాసే గంటకి 8 లీటర్లు అన్నది ఒక బార్ దగ్గర లెక్క. ఒత్తిడి పడిపోయే కొద్దీ ధార కూడా తగ్గుతుంది, కానీ అదే నిష్పత్తిలో కాదు, వర్గమూలం లెక్కన. 0.06కి వర్గమూలం దాదాపు పావు. అంటే 8 లీటర్ల డ్రిప్పర్ మన దగ్గర గంటకి సుమారు రెండు లీటర్లు వదులుతుంది. పది డ్రిప్పర్లకి 20 లీటర్లు. మన 15 లీటర్లు ముప్పావుగంట నుంచి గంటలో అయిపోతాయి. టమాటాకి ఈ వేగం సరిగ్గా సరిపోతుంది, మట్టి నిదానంగా పీల్చుకుంటుంది, కింద నుంచి కారదు. 4 లీటర్లవి పెడితే ఇంకా నెమ్మదే కదా అంటారేమో, వాటి లోపలి దారి సన్నం, మన నీళ్లకి తొందరగా మూసుకుపోతాయి. తల తిప్పితే ఎక్కువ తక్కువ అయ్యే రంగురంగుల డ్రిప్పర్లు కూడా ఉంటాయి, పదింటినీ ఒకేలా తిప్పడం బ్రహ్మతరం కాదు, నాకైతే చిరాకు.

బకెట్‌కి కన్నం పెట్టడం దగ్గరే చాలామంది పని పాడుచేస్తారు. ఇనపచువ్వ కాల్చి గుచ్చితే ప్లాస్టిక్ కరిగి అంచు చుట్టూ బుడిపెలు కడుతుంది, గ్రోమెట్ ఎంత నొక్కినా ఆ బుడిపెల పక్కనుంచి చెమట పట్టినట్టు కారుతూనే ఉంటుంది. డ్రిల్‌తోనే పెట్టించండి, వీధి చివర వడ్రంగి దగ్గరైనా దొరుకుతుంది. ముందు గ్రోమెట్ కొనండి, దాని గాడి కొలత చూసి కన్నం పెట్టించండి, రివర్స్‌లో వద్దు. అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల పైన పెట్టాలి, మరీ అడుగున పెడితే మడ్డి నేరుగా పైపులోకి పోతుంది. ఎమెరీ పేపర్‌తో కన్నం అంచు నున్నగా రుద్ది, గ్రోమెట్‌ని సబ్బు నీళ్లలో ముంచి వేళ్లతో మడిచి కన్నంలోకి తోసి, లోపలా బయటా దాని పెదవి సమానంగా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసుకోండి. తర్వాత టేకాఫ్‌కి కూడా సబ్బు రాసి గట్టిగా నొక్కితే టప్పున దిగుతుంది. ఎంసీల్, జిగురు ఏమీ అక్కర్లేదు. బకెట్ నింపి ఒక గంట కింద పాత న్యూస్‌పేపర్ పరిచి ఉంచండి, కారితే కాగితమే చెప్పేస్తుంది.

ఎత్తు గురించి. 60 సెంటీమీటర్లు అన్నది నేల నుంచి కాదు, డ్రిప్పర్ నుంచి. మీ మొక్కల బకెట్ల అంచే నేల నుంచి 35, 40 సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి నీళ్ల బకెట్ అడుగు నేల నుంచి ఒక మీటరు ఎత్తున ఉండాలి. పాత టేబుల్ మీద ఒక వరస సిమెంటు బ్లాకులు పెడితే ఆ ఎత్తు వచ్చేస్తుంది. పిట్టగోడ మీద మాత్రం పెట్టకండి. సరిగ్గా ఆ ఎత్తుకే ఉంటుంది కాబట్టి మనసు అటే లాగుతుంది, కానీ 20 కిలోల బకెట్ సాయంత్రం గాలికి జారి కింద ఎవరి నెత్తిన పడ్డా ఇంకేమైనా ఉందా. ఇనప స్టాండ్ వేయిస్తామంటే వేయించుకోండి, కాకపోతే సముద్రపు గాలికి మన ఊళ్లో ఇనుము ఎలా తుప్పు పడుతుందో మీకు తెలిసిందే, బీచ్ రోడ్ వైపు ఉండేవాళ్లకైతే రెండు వానాకాలాలకే పెచ్చులూడుతుంది. పైపు బిగించే క్లిప్పులు కూడా ప్లాస్టిక్‌వే తీసుకోండి.

బకెట్ నుంచి లేటరల్ పైపు దింపి, మొదట్లోనే వాల్వ్ పెట్టి, కుండీల వెనక నీడ పడే వైపు నేల మీద పరచండి. నల్ల పైపు ఎండలో కాగిపోతుంది, అందులో మిగిలిన నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి, అందుకే నీళ్లు వదలడం పొద్దున్న ఎనిమిదిలోపే అయిపోవాలి. పైపు చుట్టలు చుట్టుకుని ఉంటే ఒక అరగంట ఎండలో పడేయండి, మెత్తబడి సాఫీగా పరుచుకుంటుంది. ప్రతి బకెట్ ఎదురుగా పంచ్‌తో కన్నం, పైవైపు లేదా పక్కవైపు, కిందవైపు కాదు, అడుగున మడ్డి చేరుతుంది. కన్నంలో కనెక్టర్, దానికి అర మీటరు సన్న పైపు, కొసన డ్రిప్పర్. దాన్ని చిన్న పుల్లకి కట్టి మొక్క మొదలుకి నాలుగు వేళ్ల దూరంలో, మట్టికి ఒక వేలు పైన ఉండేలా గుచ్చండి. మట్టిలో పాతేయకండి. బకెట్ ఖాళీ అయ్యే చివరి క్షణంలో పైపులోని నీళ్లు వెనక్కి జారుతూ డ్రిప్పర్ కొసలోంచి బురదని లోపలికి లాగేస్తాయి, మర్నాటికి మూసుకుపోతుంది.

ఇంకో సంగతి, పైపు పొడవు వల్ల పెద్ద తేడా రాదు. ఇంత తక్కువ ధారకి 16 ఎంఎం పైపులో ఐదు మీటర్లైనా పదిహేను మీటర్లైనా ఒకటే. తేడా వచ్చేది ఎత్తు వల్ల. పొలంలో ఒక బార్ ఒత్తిడి ఉన్నచోట డ్రిప్పర్ పది సెంటీమీటర్లు పైకున్నా కిందకున్నా ఎవరికీ తెలీదు. మన దగ్గర ఉన్న మొత్తం ఎత్తే 60, అందులో పది పోయిందంటే ఆరోవంతు పోయినట్టు. అందుకని డ్రిప్పర్లన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ఒక మొక్క చిన్న కుండీలో, ఇంకోటి స్టూలు మీద ఉంటే స్టూలు మీద మొక్క ఎప్పుడూ ఎండిపోతూనే ఉంటుంది, మీరేమో దానికి తెగులు పట్టిందనుకుంటారు.

బిగించాక మొదటిసారి ఎండ్ క్యాప్ తీసేసి నీళ్లు వదలండి, పైపులో ప్లాస్టిక్ పొట్టు, దుమ్ము, గాలి అన్నీ పోతాయి. ఇంత తక్కువ ఒత్తిడిలో పైపు ఎక్కడైనా వంతెనలా పైకి లేచి ఉంటే అక్కడ గాలి ఇరుక్కుని ఆ తర్వాత ఉన్నవాటికి చుక్క కూడా రాదు, అది చూసి బకెట్ ఎత్తు చాల్లేదని అనుకుంటారు. ఆ లేచిన చోటు నేలకి అణచండి, సరిపోతుంది. ఇప్పుడు క్యాప్ పెట్టి, ఒకేలాంటి లీటరు నీళ్ల బాటిళ్లు పది తీసుకుని మెడలు కోసి, ఒక్కో డ్రిప్పర్ కింద ఒక్కోటి పెట్టండి. డ్రిప్పర్ ఎత్తు మార్చకూడదు, బాటిల్ని మట్టిలో కాస్త గుంట చేసి దించండి. పది నిమిషాలు నీళ్లు వదిలి, అన్నీ తెచ్చి వరసగా గట్టు మీద పెట్టి చూస్తే కథంతా కళ్లముందే ఉంటుంది. ఒక్కోదాంట్లో మూడొందల మిల్లీలీటర్లకి అటూఇటూ ఉండాలి. వేలెడు తేడా ఉంటే పట్టించుకోకండి. సగమే ఉన్నదానికి డ్రిప్పర్ విప్పి నోటితో ఊదండి, అయినా రాకపోతే ఎత్తు చూడండి, అదీ కాకపోతే డ్రిప్పర్ మార్చేయండి, పన్నెండు కొనమన్నది అందుకే. నెలకోసారి ఈ బాటిళ్ల పరీక్ష పెట్టుకుంటే మొక్క వాడకముందే తేడా తెలిసిపోతుంది.

ఫిల్టర్ కొనక్కర్లేదు. పాత నైలాన్ చీర ముక్క బకెట్ మూతికి రెండు పొరలుగా వేసి తాడుతో బిగించి కట్టండి, నీళ్లు దాని మీదుగానే పోయండి. చెత్త ఆగుతుంది, దోమ లోపలికి పోదు. ఈ రెండో పని మరింత ముఖ్యం. కన్నం అడుగుకి రెండు సెంటీమీటర్ల పైన ఉంది కాబట్టి బకెట్‌లో కొంచెం నీళ్లు ఎప్పుడూ మిగులుతాయి, డెంగీ దోమకి అంత చాలు, గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి బకెట్ వంచి ఆ అడుగు నీళ్లు పారబోసి ఒకసారి కడిగేయండి, శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీ వాళ్లు చెప్పేది ఇదే. తెల్ల బకెట్ అయితే వెలుతురు లోపలికి పోయి పాచి పడుతుంది, బయట నల్ల పెయింటో, గోనె పట్టానో చుట్టండి.

ఏ నీళ్లు పోయాలన్నది కూడా చెప్తాను. మున్సిపాలిటీ (జీవీఎంసీ) కుళాయి నీళ్లు బాగుంటాయి, రాత్రి పట్టి పొద్దున్న వాడితే క్లోరిన్ వాసన కూడా పోతుంది. బోరు నీళ్లయితే చూసుకోవాలి, సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో కొన్నిచోట్ల ఉప్పదనం ఉంటుంది, మట్టి మీద, డ్రిప్పర్ కొసన తెల్లగా పేరుకుంటే అదే గుర్తు. అలాంటి డ్రిప్పర్లని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెడితే శుభ్రపడతాయి. ఆర్‌ఓ మెషిన్ వదిలేసే నీళ్లు రోజూ పోయకండి, అందులో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం మనకి వరం, ఇక్కడి గాలిలో తేమకి ఒక్క రాత్రిలోనే బోలెడు నీళ్లు చేరతాయి, ఉప్పులు దాదాపు ఉండవు. కాల్షియం కూడా ఉండదు కాబట్టి సగం కుళాయి నీళ్లు కలిపి పోయండి. జీవామృతం, పేడ నీళ్లు, చేప కడిగిన నీళ్లు ఈ బకెట్‌లో పోశారో పైపులన్నీ మూసుకుపోతాయి, అవి చెంబుతో చేతులారా మొదట్లో పోయాల్సినవే.

ఇక పండగ సంగతి. సంక్రాంతి సమయంలో మనకి చలి, మొక్కకి రోజుకి లీటరుంబావు అనుకున్నా పది మొక్కలకి ఐదు రోజులకి 60 లీటర్ల పైచిలుకు. బకెట్ బదులు 100 లీటర్ల డ్రమ్ము కావాలి. గాజువాక, ఆటోనగర్ వైపు పాత నీలం డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి, కానీ అందులో ముందు ఏముందో అడగండి, కెమికల్ డ్రమ్ము ఎంత కడిగినా తినే మొక్కకి వద్దు. నూనె, పచ్చడి, జ్యూసు లాంటి తిండి సరుకు వచ్చినదైతే సరే. నిండిన డ్రమ్ము వంద కిలోలు దాటుతుంది, స్లాబ్ నడిమధ్యన కాకుండా కింద పిల్లరో, బీమో ఉన్న చోట పెట్టండి.

ఐదు రోజులు ఎవరూ లేకుండా నడవాలంటే రెండు దారులున్నాయి. మొదటిది బ్యాటరీ టైమర్. ఇందులో కూడా ఒక మెలిక ఉంది, చవగ్గా దొరికే సోలెనాయిడ్ (విద్యుత్ అయస్కాంతంతో తెరుచుకునే) రకానికి తెరుచుకోవడానికే నీళ్ల ఒత్తిడి కావాలి, డ్రమ్ము ఒత్తిడికి అది టిక్కుమంటుంది కానీ నీళ్లు రావు. బాల్ వాల్వ్ రకం కావాలని అడగండి, లోపల చిన్న మోటారు వాల్వ్‌ని తిప్పుతుంది, దానికి ఒత్తిడితో పనిలేదు. పెట్టె మీద జీరో ప్రెషర్ అని ఉందేమో చూసి కొనండి. రోజూ పొద్దున్న ఆరింటికి 40 నిమిషాలు పెట్టి, ఊరెళ్లేముందు ఒక రెండు రోజులు మీ కళ్లముందు నడిపి చూసుకోండి. డ్రమ్ము పొడుగ్గా కాకుండా వెడల్పుగా ఉంటే మంచిది, నీళ్లు తగ్గేకొద్దీ ఎత్తు పడిపోయి ధార తగ్గుతుంది కదా, వెడల్పు డ్రమ్ములో ఆ పడిపోవడం తక్కువ.

రెండోది, నాకిష్టమైనది, మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్. కొత్తవే కొనండి, ఆస్పత్రిలో వాడి పారేసినవి ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దు. ప్యాకెట్ మీద ఒక మిల్లీలీటరుకి 20 చుక్కలు అని ఉంటుంది, అలాంటిది తీసుకోండి, పిల్లలకి వాడే 60 చుక్కల రకం వద్దు. డ్రిప్పర్ కనెక్టర్ తీసేసి, దాని మొనదేలిన కొసని లేటరల్‌కి పెట్టిన ఆ కన్నంలో గుచ్చి, పారదర్శకంగా ఉండే చిన్న గొట్టం నిటారుగా నిలబడేలా పుల్లకి కట్టాలి. గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కి వదిలితే సగం దాకా నీళ్లు చేరతాయి, అప్పుడు చుక్కలు కనబడతాయి. సెట్ పైపు మీదుండే చిన్న చక్రం, అదే రోలర్‌ని కొంచెం కొంచెంగా తిప్పుతూ గడియారం చూసుకుని నిమిషానికి 20 చుక్కలు పడేలా ఆపండి. 20 చుక్కలంటే ఒక మిల్లీలీటరు, గంటకి 60, రోజుకి 1,440 మిల్లీలీటర్లు, అంటే దాదాపు లీటరున్నర. సరిగ్గా మనకి కావలసిందే, అదీ పగలూ రాత్రీ ఒకే తీరుగా. డ్రమ్ములో మట్టం పడిపోతుంటే చుక్కలు కూడా తగ్గుతాయి, అందుకే మొదటి రోజు 22, 23 దగ్గర పెడితే చివరి రోజుకి కూడా సరిపోతుంది. పదింటికి ఐదు రోజులకి 75 లీటర్ల దాకా పోతాయి, డ్రమ్ము నిండుగా ఉంచి వెళ్లండి. రోజూ వాడకానికి ఇది పనికిరాదు, ఆ రోలర్లు ఎండకి సడలుతాయి, రోజుకి ఇరవై నాలుగ్గంటలూ తడి ఉంటే వేళ్లకి గాలాడదు. పండక్కి ఐదారు రోజులైతే ఏమీ కాదు.

బాటిల్‌కి కన్నం పెట్టి తలకిందులుగా గుచ్చే వీడియోలు మీరూ చూసే ఉంటారు. వదులు మట్టిలో రెండు గంటల్లో ఖాళీ అవుతుంది, బిగుసు మట్టిలో మూతి మూసుకుపోయి రెండు రోజులైనా దిగదు. నూలు వత్తి పద్ధతి నారుకీ, చిన్న పూల కుండీలకీ బాగుంటుంది, కాపు మీదున్న టమాటా తాగే వేగాన్ని వత్తి అందుకోలేదు. మట్టి ముంత పాతిపెట్టడం మాత్రం నిజంగా మంచి పద్ధతి. రంగు, పాలిష్ లేని పచ్చి ఎర్ర ముంత అయి ఉండాలి, మట్టి ఎండితే ఎక్కువ ఊరుతుంది, తడిగా ఉంటే తనంతట తనే తగ్గుతుంది. కాకపోతే 20 లీటర్ల బకెట్‌లో ముంత పెడితే వేళ్లకి చోటెక్కడ? పెద్ద గ్రో బ్యాగులో, నేల మీద మడిలో పెట్టుకోండి.

పైన ఎండుటాకులో, వరిగడ్డో, కొబ్బరిబొండాల బండి దగ్గర ఊరికే దొరికే పీచో రెండంగుళాలు కప్పితే ఈ మొత్తం ఏర్పాటు ఇంకా బాగా పనిచేస్తుంది, బకెట్ మీద గీత ఒక మెట్టు కిందకి దించుకోవచ్చు. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోతే కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. మట్టి తడిగా ఉందంటే సాయంత్రం గాలి తగిలేసరికి అవే లేస్తాయి. పొద్దున్న కూడా వాలి ఉంటేనే నీళ్లు చాలలేదని అర్థం. మట్టి తడిగానే ఉండి మొక్క నాలుగైదు రోజుల్లో పచ్చగానే వాడి చచ్చిపోతే అది ఎండు తెగులు, నీళ్లు పెంచితే ఇంకా పాకుతుంది, ఆ మట్టిని పక్క బకెట్లలో కలపకండి. మళ్లీ వేసేటప్పుడు బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్ల అర్క రక్షక్ లాంటి రకం చూడండి, దానికి ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందస్తు ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే గుణం ఉంది.

అక్టోబర్, నవంబర్‌లలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వచ్చిందంటే ఆ రోజులకి వాల్వ్ కట్టేయండి. తుపాను అన్నారంటే డ్రమ్మునీ బకెట్‌నీ కూడా మెట్ల గదిలోకి చేర్చేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలికి మన మేడల మీద ఏవేవి ఎగిరాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఖాళీ డ్రమ్ము నిండు డ్రమ్ముకంటే ప్రమాదం. కాపు అయిపోయాక ఎండ్ క్యాప్ తీసి పైపు మొత్తం కడిగి, డ్రిప్పర్లు ఊడదీసి నిమ్మ ఉప్పు నీళ్లలో వేసి ఆరబెట్టి, పైపుని మడతలు పడకుండా పెద్ద చుట్టగా చుట్టి నీడలో వేలాడదీయండి. మే నెల ఎండలో మేడ మీదే వదిలేస్తే పైపు పెళుసెక్కుతుంది, సన్న పైపుల్ని ఉడుతలు కొరికేస్తాయి. సెప్టెంబర్‌లో నారు పోసుకునే సమయానికి మళ్లీ అవే సామాన్లు వాడుకోవచ్చు.